స్నానాల నీళ్ళ మూలకి మెట్టతామర

ఒరేయ్ శ్రీనూ,

పెరట్లో స్నానాల నీళ్ళు పోయే మూల ఏం వేస్తే బాగుంటుందని అడిగావుగా. ఇంకో ఆలోచన పెట్టుకోకుండా మెట్టతామర వేసెయ్. ఎండలు ముదిరి మిగతా మొక్కలు సొమ్మసిల్లే వేళకి ఇది ఎర్రగా, పచ్చగా విరగబూస్తుంది. కాళ్ళకింద నీళ్ళున్నా బెంగపడదు. పైగా తిండిపోతు మొక్క, మురుగులోని నత్రజని, భాస్వరం పీల్చేస్తుంది. మురుగుశుద్ధి కోసం కట్టే కంకర మడుల్లో దీన్ని నాటేది అందుకే. బ్లీచింగ్ నీళ్ళు మాత్రం అటు వదలకు.

గుబురున్న ఇంట్లో దుంప అడుగు. ముక్కకి రెండు మూడు కళ్ళు, అంటే మొలకెత్తే మొగ్గలు, ఉండాలి. కోసిన చోట బూడిద రాసి ఒకరోజు నీడన ఆరనిచ్చి, అడుగున్నర ఎడంగా, నాలుగంగుళాల లోతులో, కళ్ళు పైకుండేలా పాతు. గుంటకి రెండు దోసిళ్ళు మాగిన పశువుల ఎరువు చాలు. ఆరుగంటల ఎండ తప్పదురా, నీడలో ఆకులే వస్తాయి.

చాలామంది పూసిన కాడని అలాగే వదిలేస్తారు. పక్కమొగ్గలు కూడా అయిపోయాక దాన్ని మొదలంటా కోసెయ్, పక్క పిలకకి బలం వస్తుంది. ఆకు చుట్టుకుపోతే విప్పు, లోపల పురుగుంటుంది, నలిపెయ్. ఈనెల వెంట పసుపు చారలు కనిపిస్తే అది వైరస్, మందు లేదు. దుంపతో సహా పీకి కాల్చెయ్. దాని ముక్క ఇంకెవరికీ ఇవ్వకు.

పూశాక ఒక పువ్వు చేతిలోకి తీసుకో. రేకుల్లా కనిపించే ఆ పెద్దవి నిజానికి వెడల్పైన కేసరాలు! అసలు రేకులు మూడూ వాటి కింద సన్నగా, మొనదేలి ఉంటాయి. పుప్పొడి కూడా ఒక్క కేసరం అంచునే ఉంటుంది, ఆ పుప్పొడి తిత్తి కూడా సగమే.

గింజలు తుపాకి గుండ్లంత గట్టివి. అర్జెంటీనాలో పాత గిలక్కాయలో దొరికిన సుమారు 600 ఏళ్ళ గింజ మొలిచిందంటే చూడు! నువ్వు గింజ వేస్తే, లోపలి తెలుపు కనిపించేదాకా ఒకపక్క గరుకు కాగితంతో రుద్ది, గోరువెచ్చటి నీళ్ళలో ఒకరోజు నానబెట్టు. సంకరరకాలైతే తల్లి రంగు రాదు, దుంపే నయం.

బర్మాలో ఈ గింజల్ని జపమాలకి గుచ్చుతారు. బుద్ధుడి కాలికి రాయి తగిలి కారిన నెత్తుటి నుంచి ఈ మొక్క పుట్టిందని అక్కడి కథ. పుట్టిల్లు మాత్రం అమెరికా ఖండాలే. ఆండీస్ కొండల్లో దుంప కాల్చుకు తింటారు, వియత్నాంలో దాని పిండితో గాజులాంటి సేమ్యా చేస్తారు. నీ మురుగు మూలలోది మాత్రం వండకు, పువ్వులతో సరిపెట్టుకో.

గుంటలు ముందే తవ్వి ఉంచు. దుంపలు దొరికాక ఎక్కువరోజులు ఆగకూడదు.

నీ
రాము