మా అమ్మ షుగర్ సంగతి వాళ్లకెవరు చెప్పారు మంత్రిగారూ?

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం.

మొన్నామధ్య మా అమ్మకు రక్తపరీక్ష చేయించాం. ల్యాబ్ కౌంటర్లో కుర్రాడు పేరు, వయసు, ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్లో కొట్టుకున్నాడు. రిపోర్టు వాట్సాప్‌లో వస్తుందంటే సరేనన్నాం. మూడో రోజు నుంచి ఫోన్లు మొదలు. "అమ్మా, షుగర్ ఎక్కువుందట కదా, మా పొడి నలభై రోజులు వాడి చూడండి." పేరు పెట్టి మరీ పిలిచేసరికి ల్యాబ్ వాళ్లే కాబోలు అనుకుని, ఏ మందులు వేసుకుంటోందో, ఇంట్లో ఎవరెవరు ఉంటారో అన్నీ చెప్పేసింది. వెళ్లి అడిగితే "మాకేం తెలీదు సార్" అన్నారు. నిజంగానే తెలియకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఒకరిది, మెసేజ్‌లు పంపేది ఇంకొకరు. ఎక్కడ కారిందో కనిపెట్టడం మా వల్ల అయ్యే పనా?

ఇది మా ఒక్కింటి గోల కాదు. 2023లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక్క మనిషి దగ్గరే 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు ఉన్నాయని చెప్పారు. ఆ లెక్క విన్నాక మా అమ్మ నంబరు దొరకకపోతేనే ఆశ్చర్యపోవాలి.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017లో తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో ఇచ్చారు. వాటిలో అసలైనవాటికి కంపెనీలకు మళ్లీ 18 నెలల గడువు. దొంగతనానికి మాత్రం ఎవరూ గడువు పెట్టుకోలేదు.

చట్టంలో నాకు నచ్చిన మాట ఒకటుంది. సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో కూడా. కానీ ఏ తెలుగు? మిషన్ చేత తర్జుమా చేయించి, వివరాలు ఎవరివో ఆ మనిషిని చట్టం పిలిచినట్టే "డేటా ప్రిన్సిపల్" అని పెడితే మా అమ్మకు కాలేజీ ప్రిన్సిపల్ గుర్తొస్తాడు. "మీ నంబరు రిపోర్టు పంపడానికే. ఇంకెవరికీ ఇవ్వం. వద్దంటే కాగితం మీద ఇస్తాం." ఇంతే చాలు, కౌంటర్ దగ్గర పెద్దక్షరాలతో అంటించినా సరిపోతుంది. కంపెనీలకు నమూనా నోటీసులు మీ శాఖే రాయించి ఇవ్వండి, ఇక్కడివాళ్ల చేత.

ఇంకో సంగతి. అమ్మ కోసమని నా ఫోన్లో "షుగర్ ఉన్నవాళ్లు అన్నం తినొచ్చా" అని వెతికాను. వారం రోజులు ఎక్కడ ఏది తెరిచినా షుగర్ మందుల ప్రకటనలే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వెంట ఇలా పడకూడదని చట్టం తొమ్మిదో సెక్షన్లో రాశారు, బాగుంది. మరి 68 ఏళ్ల మనిషి జబ్బును వెంటాడి ప్రకటనలు అమ్ముకోవచ్చా? "అన్నీ ఒప్పుకుంటున్నాను" బటన్ పచ్చగా పెద్దగా ఉంటుంది, "వద్దు" అనేది మూడు పేజీలు దాటితే గానీ కనపడదు. ఇచ్చినంత తేలిగ్గా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని చట్టమే అంటోంది. "వద్దు" కూడా అదే పేజీలో, అదే సైజులో ఉండాలని ఒక్క వాక్యం రాయించండి.

చివరగా డబ్బు సంగతి. తప్పు చేసిన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు, ఆ డబ్బు ఖజానాకు పోతుంది. నష్టపోయినవాళ్లకు పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌ను ఈ కొత్త చట్టం తీసేస్తోంది. పైగా పనికిమాలిన ఫిర్యాదు చేశామని తేలితే మాకే పదివేల దాకా జరిమానా! లీకు ఎక్కడ జరిగిందో తేల్చలేని మాలాంటివాళ్లు ఇక ఏ ధైర్యంతో ఫిర్యాదు పెడతారు? పరిహారం తిరిగి చేర్చండి. ఆధారం చూపించాల్సిన భారం డేటా దగ్గరున్నవాళ్ల మీద పెట్టండి.

అమ్మ ఇప్పుడు తెలియని నంబర్లు ఎత్తడం మానేసింది. మొన్న గ్యాస్ బండతో వచ్చిన అబ్బాయి కింద నుంచి నాలుగుసార్లు చేసి, ఎత్తకపోయేసరికి వెనక్కి తీసుకెళ్లిపోయాడు.

ఇట్లు,
ఒక కొడుకు