కిరీటం పక్కన ‘చిన్న మంత్రులు’

సంపాదకుల వారికి,

మూడు ఆదివారాల కిందట మీ పిల్లల పేజీలో ఊహా రాజ్యానికి మంత్రివర్గాన్ని కూర్చమంటూ పోటీ పెట్టారు కదా, దాని గురించి రాస్తున్నాను. అప్పుడే రాసి ఉండాల్సింది. మరుసటి ఆదివారం సవరణ వేస్తారేమోనని ఆగాను. వేయలేదు. ఆ పై వారమూ పేజీలన్నీ తిరగేశాను. లేదు. మొన్నటి ఆదివారం చిత్రాలు పంపడానికి గడువు పెంచామని మాత్రం వేశారు. అంటే ఆ తప్పుల్ని ఇంకొంతమంది పిల్లల చేత గీయిస్తారన్నమాట. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

ఆ బొమ్మ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పొడుగాటి బల్ల. దాని కొసన కిరీటం పెట్టుకున్న రాజు. అటూ ఇటూ కుర్చీల్లో కేబినెట్ మంత్రులు. వాళ్ల వెనక, వాళ్లలో సగం ఎత్తున, చంకలో ఫైళ్లతో నిలబడ్డ ‘చిన్న మంత్రులు’. కింద నిబంధనలు: ఇది రాజ్యాంగబద్ధ రాచరికం. మంత్రులను రాజుగారు తనకు నచ్చినవాళ్లలోంచి ఎంచుకుంటారు. పని నచ్చకపోతే తీసేస్తారు. చిన్న మంత్రులు పెద్ద మంత్రులకు సాయం చేస్తారు. ఇంతే.

ఊహా రాజ్యమే కదా, అంత పట్టింపు ఎందుకని మీ ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు ఒకాయన అన్నారు. రాజ్యం పేరు, జెండా, నాణెం మీద బొమ్మ పిల్లలు ఎలా ఊహించుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ రాజ్యాంగబద్ధ రాచరికం అని మీరే అచ్చేశాక, అందులో రాజు చేయగలిగేదేమిటి, చేయలేనిదేమిటి అన్నది ఊహకు వదిలేసే విషయం కాదండీ. రాజు తన ఇష్టప్రకారం మంత్రుల్ని పెట్టి, తన ఇష్టప్రకారం తీసేస్తే ఇక రాజ్యాంగం ఎందుకు? దాన్ని ఉట్టి రాచరికం అంటారు. రాజ్యాంగబద్ధ రాచరికంలో రాజు పేరుకే ఉంటాడు, పాలన నడిపేది ఎన్నికైన ప్రభుత్వం.

మా మనవరాలు ఏడో తరగతి. మొదట అది సరిగ్గానే గీసింది. బల్ల మధ్యలో ప్రధానమంత్రిని కూర్చోబెట్టింది, రాజుని పక్కన వేరే భవనంలో పెట్టింది. తరవాత మీ నిబంధనలు చదివింది. ప్రధానమంత్రిని రబ్బరుతో చెరిపి అదే చోట కిరీటం గీసింది. రెండుసార్లు చెరిపేసరికి కాగితం అక్కడ పలచబడి చిన్న చిరుగు పడింది. “తాతయ్యా, పేపర్లో ఇలా ఉంది కదా, మరి నువ్వు చెప్పింది తప్పా?” అని అడిగింది. ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. ఇంట్లోనే ఆ ప్రశ్న విని ఎంత బాధపడ్డానో మీకు చెప్పలేను.

బ్రిటన్‌లో రాజు తన ఇష్టం మీద ప్రధానమంత్రిని తొలగించడం చివరిసారి జరిగింది 1834లో. నాలుగో విలియం మెల్బోర్న్‌ను దింపేశాడు. ఏడాది తిరక్కుండానే ఆ మెల్బోర్నే మళ్లీ ప్రధాని అయ్యాడు, రాజు చేసేదేమీ లేకపోయింది. ఆ తరవాత అక్కడ ఏ రాజూ, ఏ రాణీ ఆ పనికి పూనుకోలేదు. ఆస్ట్రేలియాలో 1975లో రాణి ప్రతినిధిగా ఉన్న గవర్నర్ జనరల్ ప్రధానిని తొలగిస్తే, అది సబబా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. జపాన్‌లో పార్లమెంటు ఎన్నుకున్నవాళ్లనే చక్రవర్తి ప్రధానిగా నియమించాలి. మిగతా మంత్రులను పెట్టేదీ తీసేదీ ప్రధానే. స్వీడన్‌వాళ్లు 1974 రాజ్యాంగంలో ఇంకో అడుగు వేశారు. ప్రధాని పేరును స్పీకర్ ప్రతిపాదిస్తాడు, పార్లమెంటు ఓటు వేస్తుంది, రాజుకు అందులో ప్రమేయమే లేదు.

ఇక ఆ బల్ల సంగతి. 2012 డిసెంబరులో రెండో ఎలిజబెత్ రాణి ఒక్కరోజు పరిశీలకురాలిగా కేబినెట్ సమావేశానికి వచ్చి కూర్చుంటేనే అది లోకమంతా వార్త అయింది. అంత అరుదు. నార్వేలో మాత్రం రాజు కూర్చునే మాట నిజమే. శుక్రవారాల్లో రాజభవనంలో ఆయన అధ్యక్షతన సభ జరుగుతుంది. కానీ మంత్రులు ముందే తేల్చుకున్నవాటికి అక్కడ ఆమోదముద్ర పడుతుంది, అంతే. మీ చిత్రకారుడు నార్వేని చూసి గీశారంటే ఒప్పుకుంటాను. అప్పుడు ఆ సంగతి ఒక్క వాక్యంలో పిల్లలకి చెప్పాల్సింది.

అన్నిటికంటే నా మనసుకి కష్టం కలిగించింది ఆ ‘చిన్న మంత్రులు’. సగం ఎత్తులో గీయడమేమిటండీ? ఫైళ్లు మోసేవాళ్లలా చూపించడమేమిటి? పైగా పార్లమెంటరీ అండర్ సెక్రటరీ అన్న పదవిని మీ పేజీలో ‘కార్యదర్శి కింద పనిచేసే ఉద్యోగి’ అని రాశారు. ఆయన ఉద్యోగి కాదు, మంత్రి. బ్రిటన్‌లో పైన సెక్రటరీ ఆఫ్ స్టేట్, ఆ కింద మినిస్టర్ ఆఫ్ స్టేట్, ఆ కింద పార్లమెంటరీ అండర్ సెక్రటరీ. కింది రెండు మెట్లవాళ్లూ మామూలుగా కేబినెట్‌లో కూర్చోరు. కానీ ప్రభుత్వంలో భాగమే, ప్రభుత్వం చేసిన ప్రతి నిర్ణయానికీ వాళ్లూ జవాబుదారులే.

వాళ్లు చేసే పని ఏమిటో ఒక్కటి చెబుతాను. అక్కడి దిగువ సభలో రోజు ముగిసేముందు చివరి అరగంట ఒక సాధారణ సభ్యుడికి ఇస్తారు. తన నియోజకవర్గంలో మూతపడే ఆసుపత్రి గురించో, కొట్టుకుపోయిన రోడ్డు గురించో ఆ సభ్యుడు మాట్లాడతాడు. అప్పటికి బెంచీలు దాదాపు ఖాళీ. కెమెరాలు ఉన్నా చూసేవాళ్లు తక్కువ. ఆ వేళ లేచి నిలబడి జవాబు చెప్పేది ఎవరనుకుంటున్నారు? సాధారణంగా మీరు సగం ఎత్తున గీసిన ఆ మంత్రే. బిల్లు కమిటీకి వెళితే క్లాజు తరవాత క్లాజు ప్రతిపక్షం అడిగే ప్రశ్నలకు ఓపిగ్గా సమాధానం చెబుతూ కూర్చునేదీ ఎక్కువగా ఆయనే. ప్రజాస్వామ్యంలో ‘అడిగితే చెప్పాలి’ అన్నది నిజంగా నడిచే చోటు అది. పిల్లలకి చూపించాల్సిన బొమ్మ అదండీ.

నెదర్లాండ్స్‌లో ఇలాంటివాళ్లని స్టేట్ సెక్రటరీలంటారు. తమ విషయం వచ్చినప్పుడు మంత్రుల సమావేశానికి వెళ్లి సలహా చెప్పవచ్చు గానీ ఓటు లేదు. అయినా పార్లమెంటు విశ్వాసం పోతే ఇంటికి వెళ్లాల్సిందే. బెల్జియం రాజ్యాంగం మంత్రులు 15 మందికి మించకూడదంటుంది, ప్రధానిని పక్కనపెట్టి డచ్చి భాషవాళ్లూ ఫ్రెంచి భాషవాళ్లూ సమానంగా ఉండాలంటుంది. భూటాన్‌లో ఒక్క జిల్లా నుంచి ఇద్దరికి మించి మంత్రులు కాకూడదు. బ్రిటన్‌లో 1975 చట్టం దిగువ సభలో 95 మందికి మించి మంత్రులు ఉండకూడదంది. ఎందుకు? పదవి తీసుకున్న ప్రతివాడూ ప్రభుత్వానికే ఓటు వేయాలి, లేదా రాజీనామా చేయాలి. మంత్రుల సంఖ్య పెంచుకుంటూ పోతే సభలో నిలదీసేవాళ్లు తగ్గిపోతారు. ఇలాంటి నియమాలు రెండు మీ పోటీలో పెట్టి ఉంటే పిల్లలు ఎంత బాగా బుర్రపెట్టేవారో ఆలోచించండి! మీ నిబంధనల్లో లెక్కే లేదు. ఎంతమందినైనా గీసుకోవచ్చన్నారు. మా మనవరాలి స్నేహితురాలు అరవైమూడు మందిని గీసింది.

చిన్న మంత్రులు చిన్నవాళ్లే అనుకునేవారికి 2022 జులై గుర్తుచేయాలి. బ్రిటన్‌లో రెండు మూడు రోజుల్లో 50 మందికి పైగా మంత్రులు, వాళ్ల పార్లమెంటరీ సహాయకులు రాజీనామా చేశారు. వాళ్లలో ఎక్కువమంది కేబినెట్ బయటివాళ్లే. ఆ దెబ్బకి జులై 7న ప్రధాని బోరిస్ జాన్సన్ దిగిపోతానని ప్రకటించక తప్పలేదు. రాణి ఆయన్ని తీసేయలేదు. శాఖలు నడిపే మనుషులు లేకపోయేసరికి ఆయనే వెళ్లాడు.

ఇది పిల్లల పేజీలో దొర్లిన ఒక్క పొరపాటైతే ఇంత రాసేవాణ్ణి కాదు. పెద్దల పేజీల్లోనూ ఇదే తంతు. కొత్త ప్రభుత్వం వస్తే మంత్రివర్గం ‘కొలువుదీరింది’ అంటారు. పదవి ‘వరించింది’ అంటారు. ‘అమాత్య యోగం’ ఎవరికి అని శీర్షిక పెడతారు. ఇది దర్బారు భాష. ఓట్లేసి పంపినవాళ్ల పని గురించి రాసేటప్పుడు ఈ మాటలెందుకు? మంత్రిమండలి అంటే అందరు మంత్రులూ, కేబినెట్ అంటే అందులో ముఖ్యులు కొందరు. ఈ తేడా కూడా పాటించరు. మన రాజ్యాంగంలో 1978 నాటి 44వ సవరణ, అత్యవసర పరిస్థితికి సంబంధించిన 352వ అధికరణలో చేర్చేదాకా కేబినెట్ అన్న మాటే లేదు. అంత ఆచితూచి వాడిన మాటని మీరు సహాయ మంత్రులకీ, మొత్తం మండలికీ, ఒక్కోసారి అధికారుల సమీక్షకీ కూడా అంటగడుతున్నారు. ఒకప్పుడు ఇలాంటివి రాస్తే సబ్ ఎడిటర్ ఎర్ర సిరాతో దిద్దేవాడు. పాఠకుడు ఉత్తరం రాస్తే నాలుగు రోజుల్లో జవాబు అచ్చయ్యేది. ఇప్పుడు ఫోన్ చేస్తే ‘ఆదివారం పేజీలు మా డిపార్ట్‌మెంట్ కాదండీ’ అంటున్నారు. మరి ఎవరి డిపార్ట్‌మెంటో చెప్పమంటే లైన్ కట్ అవుతోంది.

పోటీ ఫలితాలు ఇంకా వేయలేదు. వేసేముందు ఆ నిబంధనల్ని మార్చి అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో అచ్చేయండి. ప్రధానమంత్రిని మధ్యలో కూర్చోబెట్టి పంపిన పిల్లలెవరైనా ఉంటే నిబంధన పాటించలేదని వాళ్ల చిత్రాల్ని పక్కన పడేయకండి. మా మనవరాలిది ఇంకా పోస్టు చేయలేదు. చిరిగిన చోట వెనక నుంచి కాగితం అతికించి ఉంచింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు