సిరొంచలో మొదలుపెట్టిన డిగ్రీ సిరొంచలో పూర్తయ్యేలా చూడండి: ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మహారాష్ట్ర ఉన్నత, సాంకేతిక విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలతో విన్నవించుకునేది. మాది గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఉన్న సిరొంచ తాలూకా. దక్షిణ గడ్చిరోలిలోని ఒక డిగ్రీ కళాశాలలో సీహెచ్‌బీ అధ్యాపకుడిగా, అంటే చెప్పిన పీరియడుకు లెక్కగట్టి ఇచ్చే వేతనం మీద పనిచేస్తున్నాను. ఈ లేఖ మరాఠీ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. అంకీసా, ఆసరెల్లి మొదలుకొని సిరొంచ దాకా ఇళ్లలో వినిపించేది తెలుగే కాబట్టి, పిల్లలను కళాశాలకు పంపిన తల్లిదండ్రులు కూడా చదువుకోవాలని ఇక్కడ తెలుగులో ప్రచురిస్తున్నాను.

2020 జాతీయ విద్యా విధానం మన రాష్ట్రంలోని అనుబంధ కళాశాలల్లో 2024-25 విద్యా సంవత్సరం నుంచి అమలవుతోంది. సెమిస్టరుకు 22 క్రెడిట్ల (చదువు గంటలను కొలిచే యూనిట్ల) చొప్పున మూడేళ్ల డిగ్రీకి 132, నాలుగేళ్ల ఆనర్సుకు 176 క్రెడిట్లు కూడబెట్టుకోవాలి. చరిత్ర మేజర్‌గా, అంటే ప్రధాన విషయంగా, తీసుకున్న అమ్మాయి ఆర్ట్స్ దాటి వేరే ఫ్యాకల్టీ నుంచి ఓపెన్ ఎలెక్టివ్, అంటే తాను ఎంచుకునే కోర్సు, చదవాలి. దానికి తోడు మైనర్ (రెండో విషయం), నైపుణ్య కోర్సులు, ఫీల్డ్ ప్రాజెక్టు, ఆన్ జాబ్ ట్రైనింగ్ ఉంటాయి. ఒకే విషయాన్ని బట్టీ పట్టి బయటపడే పాత బీఏ కంటే ఇది మేలైన చదువు అని నమ్మేవాళ్లలో నేనూ ఒకడిని. నమ్ముతున్నాను కనుకనే ఈ లేఖ. నా మనవి ఒక్కటే: ఇలా పలు శాస్త్రాలను కలిపి చదివే డిగ్రీని మా తాలూకాలో మొదలుపెట్టిన విద్యార్థి, ఊరు విడిచిపోకుండా, కోరుకున్న విషయాలతోనే పూర్తి చేయగలిగే ఏర్పాటు చేయండి.

ప్రవేశాల సమయంలో ఓపెన్ ఎలెక్టివ్ పత్రం ఎలా ఉంటుందో మీరు ఒకసారి చూడాలి. నేను చూసిన పత్రంలో నాలుగు కోర్సుల పేర్లు అచ్చయి ఉన్నాయి. మూడింటి మీద ఆఫీసు గుమాస్తా ముందే ఎర్ర పెన్నుతో గీతలు కొట్టేశాడు, ఎందుకంటే ఆ మూడూ చెప్పేవారు లేరు. మిగిలిన ఒక్కదాని ఎదుట విద్యార్థి టిక్కు పెట్టి, ‘నా ఇష్టపూర్వకంగా ఎంచుకున్నాను’ అన్న వాక్యం కింద సంతకం చేయాలి. ఆ కళాశాల పేరు రాయడం లేదు, తప్పు దానిది కాదు గనుక. మంజూరైన పోస్టులు భర్తీ కాక, మాలాంటి తాత్కాలికుల మీద నడిచే ఏ చిన్న కళాశాలలోనైనా ఆ పత్రం అలాగే ఉంటుంది. పుణేలో ఎంపిక అనిపించుకునేది మా దగ్గరికి వచ్చేసరికి కేటాయింపు అవుతోంది.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించే సంగతి వేరే ఉంది. పలు శాస్త్రాలు కలిపి చదవడానికి మా తాలూకాకు మించిన చోటు రాష్ట్రంలో ఎక్కడుందో నాకు తెలియదు. ఇక్కడి కోట గ్రామం పేరు మీదనే భూగర్భ శాస్త్రవేత్తలు ‘కోట ఫార్మేషన్’ అని పిలిచే రాతి పొరలున్నాయి. జురాసిక్ కాలపు తొలి దశకు చెందిన భారీ శాకాహార డైనోసార్ బారాపాసారస్ ఎముకలు మా పోచంపల్లి పరిసరాల్లోనే బయటపడ్డాయి. 1975లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబడి ఉంది. వడధంలో అటవీశాఖ శిలాజ పార్కు పెట్టింది. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి చరిత్ర చదవడానికి వచ్చిన పిల్లలకు భూగర్భ శాస్త్రంలో రెండు క్రెడిట్ల ఓపెన్ ఎలెక్టివ్ ఇవ్వగల స్థితిలో మనం లేము. నది సంగతి కూడా అంతే. మేడిగడ్డ బ్యారేజీ 2019లో ప్రారంభమైంది, 2023 అక్టోబరులో దాని పిల్లర్లు కుంగాయి. ఈ మధ్య కాలంలో వెనుక జలాల ముంపు గురించి, పరిహారం గురించి సిరొంచ రైతులు ఎంత తిరిగారో మీ ప్రభుత్వానికి తెలుసు. ఇంజనీరింగు, చట్టం, వ్యవసాయం, రెండు రాష్ట్రాల ఒప్పందాలు ఇన్ని కలగలిసిన పాఠం గుమ్మం ముందే ఉండగా, మా విద్యార్థులు ఫీల్డ్ ప్రాజెక్టు పేరిట పాత నివేదికలను చూసి రాసి అట్టవేసి ఇస్తున్నారు.

ఆన్ జాబ్ ట్రైనింగ్‌కు 4 క్రెడిట్లు, అంటే 120 గంటలు. పరిశ్రమ అన్నది లేని తాలూకాలో ఈ గంటలు ఎక్కడ గడపాలన్న ప్రశ్నకు ఇప్పటివరకు వినిపిస్తున్న జవాబు ‘గడ్చిరోలి వెళ్లండి, చంద్రపూర్ వెళ్లండి’ అన్నదే. సిరొంచ నుంచి గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. వానాకాలంలో ఆలాపల్లి రోడ్డు మీద బస్సు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో డ్రైవరుకే తెలియదు. అక్కడ గది అద్దెకు తీసుకుని ఉండమంటే ఆ ఖర్చు భరించే ఇళ్లు ఎన్నో, ఆడపిల్లను అలా పంపే ఇళ్లు ఎన్నో వేరే చెప్పనక్కరలేదు. నిజానికి పని ఇక్కడే ఉంది. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సామూహిక హక్కులు పొందిన మేంఢా లేఖా గ్రామం మన జిల్లాలోదే. ఆ దారిలో నడుస్తున్న గ్రామసభలు ఇవాళ తునికాకును, వెదురును సొంతంగా అమ్ముకుంటున్నాయి. వేసవిలో ఫడి (ఆకు సేకరణ కేంద్రం) దగ్గర కూర్చుని, 70 ఆకుల కట్టలు లెక్కించి, 1000 కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు చొప్పున రిజిస్టరులో ఎక్కించి, కాంట్రాక్టరు ఇచ్చిన ధరతో సరిచూసి, ఇంటింటికీ రావలసిన డబ్బు తేల్చడమంటే అందులో గణితం, వాణిజ్యం, అటవీశాస్త్రం, చట్టం నాలుగూ ఉన్నాయి. మా విద్యార్థులు చాలామంది ప్రతి ఏటా ఈ పని చేస్తూనే ఉన్నారు, అయితే దానికి క్రెడిట్ లేదు. గ్రామసభను, అటవీ డివిజన్ కార్యాలయాన్ని, గ్రామీణ ఆసుపత్రిని శిక్షణ స్థలాలుగా గుర్తిస్తూ ఒక ఉత్తర్వు వెలువడితే చాలు, దానికి బడ్జెట్ కూడా అక్కరలేదు.

మధ్యలో మానేసేవారికి దారి ఉంచామని విధానం చెబుతోంది. మొదటి ఏడాది తర్వాత 44 క్రెడిట్లు, వాటికి తోడు 4 క్రెడిట్ల నైపుణ్య కోర్సో ఇంటర్న్‌షిప్పో పూర్తి చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. మూడేళ్లలోగా తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించవచ్చు. ఆలోచన మంచిదే. కానీ తమంతట తాము వెళ్లేవారికీ, ముందుకు దారి లేక వెళ్లేవారికీ తేడా ఉంది. పెళ్లి చేస్తామని ఇంట్లో ఒత్తిడి తెస్తున్న అమ్మాయికి ‘ఒక సర్టిఫికెట్ వచ్చిందిగా, ఇక చాల్లే’ అనే మాట ఈ నియమం వల్ల పెద్దల నోటికి సులువుగా అందింది. ఇది విధానం రాసినవారి ఉద్దేశం కాకపోవచ్చు, అయినా మా దగ్గర జరుగుతున్నది ఇదే.

2011లో నాగపూర్ విశ్వవిద్యాలయం నుంచి విడదీసి గడ్చిరోలిలో గోండ్వానా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పినది చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల పిల్లలకు చదువు దగ్గర కావాలనే. ఆ పని మరొక అడుగు ముందుకు సాగాలి. అహేరి, ఆలాపల్లి, సిరొంచల కళాశాలలన్నిటినీ కలిపి ఒకే కోర్సుల జాబితా తయారుచేసి, ఒక్కో అధ్యాపకుడు వారంలో నిర్ణీత రోజుల్లో ఒక్కో ఊరికి వచ్చి చెప్పేలా చేస్తే ఎర్ర గీతలు సగానికి సగం తగ్గుతాయి. అలా తిరిగే వారికి ప్రయాణ భత్యం ఇవ్వాలి. పీరియడు లెక్కన జీతం తీసుకునే వ్యక్తి వంద కిలోమీటర్లు సొంత ఖర్చుతో వచ్చి పాఠం చెప్పడు, చెప్పమని అడగడమూ న్యాయం కాదు. (ఇందులో నా స్వార్థం కూడా ఉందని ఎవరైనా అంటే కాదనను.) ఒక సెమిస్టరులో ప్రోగ్రాంకు ఉన్న మొత్తం కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో చదవడానికి యూజీసీ 2021 నిబంధనలు అనుమతిస్తున్నాయి. వాటి తుది పరీక్షకు సిరొంచలో ఒక కేంద్రం ఇప్పించగలిగితే ఆ అనుమతి మాకు నిజంగా పనికివస్తుంది.

ఇక నది అవతలి సంగతి. కాళేశ్వరం వంతెన దాటితే తెలంగాణ. ఆసుపత్రికి, సంతకు, పెళ్లి బట్టలకు మేము అటే వెళతాం. ఒక విద్యాసంస్థలో సంపాదించిన క్రెడిట్లను మరొక దానికి తరలించడానికే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టారు, దానికి రాష్ట్రాల ఎల్లలు లేవు. గోండ్వానా, కాకతీయ విశ్వవిద్యాలయాల మధ్య ఒక ఒప్పందం కుదిరితే, మా విద్యార్థి మైనర్‌లో కొంత భాగాన్ని వంతెన అవతలి కళాశాలలో చదివి, ఆ క్రెడిట్లతో ఇక్కడి డిగ్రీ పూర్తి చేయవచ్చు. భాషా సామర్థ్య కోర్సుల్లో ఆధునిక భారతీయ భాష చదివే అవకాశం ఉంది కాబట్టి, సరిహద్దు కళాశాలల్లో ఆ జాబితాలో తెలుగును చేర్చమని కూడా కోరుతున్నాను. మరాఠీని తగ్గించమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు; మా పిల్లలు బడి చదువంతా మరాఠీలోనే చదివి వచ్చారు, వాళ్ల మరాఠీ నా మరాఠీ కంటే మెరుగు.

2024-25లో చేరినవారు డిగ్రీ ముగింపు దశకు చేరుకుంటున్నారు. వీటిలో అన్నిటికంటే తొందరగా కావలసినది శిక్షణ స్థలాల గుర్తింపు ఉత్తర్వే. అది తునికాకు సీజనుకు ముందు, అంటే ఏప్రిల్ లోపల కళాశాలలకు అందితే ఆ వేసవి గంటలు లెక్కలోకి వస్తాయి. ఉమ్మడి కోర్సుల జాబితాను జూన్ ప్రవేశాలకు ముందు తాలూకాల వారీగా, చెప్పేవారి పేర్లతో సహా నోటీసు బోర్డు మీద పెట్టించమని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక సీహెచ్‌బీ అధ్యాపకుడు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా