ఫ్లైఓవర్ కింది పేట

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ దినంగా జరుపుకునే జనవరి మూడో సోమవారం దగ్గరపడితే మన పత్రికల్లో ఆ పౌరహక్కుల నాయకుడి గురించి వ్యాసాలు వస్తాయి. అట్లాంటాలో ఆయన పుట్టిన ఇల్లు, సమాధి, అక్కడే ఉన్న గాంధీ విగ్రహం ఫొటోలు వేస్తారు. సంతోషం. కానీ ఆయన్ని పెంచిన పేట గురించి నేను చదివిన వాటిలో ఒక్క ముక్క కూడా కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ పేటను స్వీట్ ఆబర్న్ అంటారు. అట్లాంటా శివార్లలో ఉండే నేను ఆరేళ్లపాటు రోజూ దాని మీదుగానే ఆఫీసుకు వెళ్లాను. డౌన్‌టౌన్ కనెక్టర్ అనే హైవే ఆబర్న్ అవెన్యూ పైనుంచి ఫ్లైఓవర్‌లా పోతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒక గోడ మీద పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ నిలువెత్తు బొమ్మ కనిపించేది. కింద ఏముందో తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. కిందటేడు మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు గాంధీ విగ్రహం దగ్గర ఫొటోలు దిగాక, "ఈ వీధి అటువైపు ఎక్కడిదాకా పోతుందమ్మా?" అని నాన్న అడిగారు. ముగ్గురం నడిచాం.

1906లో అట్లాంటాలో తెల్లవాళ్ల మూకలు నల్లవాళ్లపై దాడిచేసి ఎందరినో చంపాయి. ఆ తర్వాత నల్లజాతి వ్యాపారులు నగరం నడిబొడ్డు వదిలి ఆబర్న్ వైపు చేరారు. బానిసగా పుట్టి, మంగలి పనితో పైకొచ్చిన అలోంజో హెర్న్‌డన్ స్థాపించిన అట్లాంటా లైఫ్ బీమా కంపెనీ ఈ వీధిలోనే పెరిగింది. 1928లో మొదలైన అట్లాంటా డైలీ వరల్డ్ పత్రిక, చర్చిలు, క్లబ్బులు, హోటళ్లు, డాక్టర్లు, అన్నీ ఇక్కడే. వేరే చోట అడుగుపెట్టనివ్వలేదు కాబట్టి వాళ్ల డబ్బు వాళ్ల మధ్యే తిరిగింది. 1956లో ఫార్చూన్ పత్రిక దీన్ని ప్రపంచంలోకెల్లా సంపన్నమైన నల్లవాళ్ల వీధి అని రాసింది.

నాన్నకు అన్నిటికంటే నచ్చింది ప్రిన్స్ హాల్ మేసన్లు అనే నల్లజాతి సోదర సంఘం వారి భవనం. అమెరికాలో నల్లవాళ్ల సొంతమైన మొదటి రేడియో స్టేషన్, డబ్ల్యూఈఆర్‌డీ, 1949 నుంచి నడిచింది అందులోనే. కింగ్ నడిపిన పౌరహక్కుల సంస్థ ఆఫీసు దాని కింద అంతస్తులో. ఆయన ఏదైనా చెప్పాలనుకుంటే చీపురు కర్రతో పైకప్పును తట్టేవారట, పైవాళ్లు కిటికీలోంచి మైకు కిందికి దించేవారట. నాన్న కాసేపు అక్కడే నిలబడి కిటికీల వంక చూశారు.

కాస్త ముందుకెళ్తే ఫ్లైఓవర్. హైవే వేసినప్పుడు పేటను సరిగ్గా మధ్యలో కోశారు. ఇళ్లు, దుకాణాలు పోయాయి, అటు ఇటు రాకపోకలు తగ్గాయి. వేరే చోట్ల ఉండే హక్కు వచ్చాక స్తోమత ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. 1976లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించినా, 1992 నాటికి అది దేశంలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాకెక్కింది.

బాగుచేసే పని 1980లోనే మొదలైంది. కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వంటివారు హిస్టారిక్ డిస్ట్రిక్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టారు. కింగ్ పుట్టిన ఇంటి చుట్టుపక్కల మొదలుపెట్టి, ఒక వీధి తర్వాత ఒక వీధిగా, ఖాళీ స్థలాల్లో కొత్త ఇళ్లు కట్టి పాతవి మరమ్మతు చేశారు. అక్కడ నివసిస్తున్నవాళ్లను ఖాళీ చేయించకూడదన్నదే వాళ్ల నియమం. నా మటుకు ఇందులో గొప్ప విషయం ఇదే. గోడలకు రంగులు వేయించడం డబ్బుంటే ఎవరైనా చేయిస్తారు. ఆ గోడల మధ్య పెరిగిన ముసలమ్మ అద్దె కట్టుకుంటూ అక్కడే ఉండగలగాలి.

ఇప్పుడు అదే కష్టమవుతోంది. దగ్గర్లో బెల్ట్‌లైన్ నడక దారి వచ్చాక ఇళ్ల ధరలు, అద్దెలు బాగా పెరిగాయి. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టుబడికి ఇల్లు ఎక్కడ కొనాలని అడిగితే ఆ చుట్టుపక్కల పేర్లే చెప్పారు. కొనొద్దని అనను. ఆ ఇంట్లో ఎవరుండేవారో, ఎక్కడికి వెళ్లారో ఒకసారి అడగమంటాను. మనం ఇంతమందిమి ఈ దేశానికి రాగలిగామంటే 1965 వలస చట్టం వల్ల. పౌరహక్కుల ఉద్యమం లేకపోతే ఆ చట్టం అప్పుడు వచ్చేది కాదు. ఆ ఉద్యమం ఆఫీసులు ఈ వీధిలోనే ఉండేవి.

వచ్చే జనవరిలో ఒక పేజీ ఈ వీధికి ఇవ్వండి. పిల్లల్ని తీసుకొచ్చే తెలుగు సంఘాలవారు విగ్రహం దగ్గర ఆగిపోకుండా ఫ్లైఓవర్ దాటి కర్బ్ మార్కెట్ దాకా నడిపించాలి. ఒకప్పుడు తెల్లవాళ్లు లోపల అమ్ముకుంటుంటే, నల్లవాళ్లు బయట రోడ్డు అంచున, అంటే ‘కర్బ్’ మీద, కూర్చుని అమ్ముకోవాల్సి వచ్చేది. దానికి ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడు లోపల అందరి కొట్లూ ఉన్నాయి. భోజనం అక్కడ చేయండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
ఆల్ఫారెట్టా, జార్జియా