పశుపోషకుల సంఘం వార్షిక నివేదిక: మూతివాపు ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు, సభ్యత్వాల జాబితా విడిగా పంపాం. సర్వసభ్య సమావేశంలో చదివి ఆమోదం తీసుకుంటాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం నీలినాలుక (బ్లూటంగ్) అనే ఒక్క రోగానికే పోయింది. ఏడాదంతా సంఘం సమయం కూడా దానికే పోయింది మరి.

మొదలైందే గొడవతో. ఒక సభ్యుడు కొత్త పొట్టేలును కొనితెచ్చిన వారానికి పక్క మందలో గొర్రెలకు మూతులు వాచాయి. రోగం తెచ్చింది ఆ పొట్టేలేనని, ఆయన మందను ఉమ్మడి బీడుకు రానివ్వొద్దని ఫిర్యాదు వచ్చింది. ఒకరు గాలికుంటు అన్నారు, ఇంకొకరు గొర్రెలకూ మేకలకూ వచ్చే పీపీఆర్ అనే అంటురోగం అన్నారు. కార్యవర్గం కూడా తొందరపడి ఆ మందను ఆపేసింది.

పశువైద్యుడు వచ్చి ఒక గొర్రెను పడుకోబెట్టి నోరు తెరిచారు. పెదవులు ఉబ్బిపోయాయి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. చిగుళ్ల మీద పుండ్లు. ముక్కు నుంచి కారిన చీమిడి ఎండి పెచ్చు కట్టింది. నాలుక మాత్రం నీలంగా లేదు, ఎర్రగా వాచి ఉందంతే. నీలినాలుక అని పేరేగానీ నాలుక నీలం తిరిగేది కొన్నిటికేనని చెప్పి, ఆయన గిట్ట పైఅంచున వెంట్రుకలు పక్కకు తీశారు. చర్మం గిట్టను కలిసేచోట ఎర్రటి గీత. గొర్రె మోకాళ్ల మీద మేయడానికి కారణం అదేనట.

నీలినాలుక వైరస్ ఆర్బివైరస్‌ల జాతికి చెందింది. గుర్రాలకు వచ్చే ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్, జింకలకూ పశువులకూ వచ్చే ఈహెచ్‌డీ కూడా ఆ కుటుంబంలోవే. ఈ మూడింటినీ మోసేది కులికాయిడిస్ అనే చిరుదోమ. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లకు మించదు. మామూలు దోమతెర కన్నాల్లోంచి సులువుగా దూరిపోతుంది. కుట్టేది ఆడదే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. రోగమున్న పశువు రక్తం తాగాక, వాతావరణం వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో వైరస్ దాని లాలాజల గ్రంథులకు చేరుతుంది. అక్కడి నుంచి బతికినన్నాళ్లూ అది అంటిస్తూనే ఉంటుంది. అంటే ఈ రోగం సాధారణంగా ఒక గొర్రె మూతి నుంచి ఇంకో గొర్రె మూతికి పాకేది కాదు. మనుషులకు అసలే రాదు. మందను బీడు నుంచి తరిమితే ఆగే రోగం కాదని మాకు అప్పుడు అర్థమైంది.

నమూనాల విషయంలో మా పొరపాటు రాయాల్సిందే. ఊదారంగు మూత గొట్టాల్లో తీసిన రక్తాన్ని ఐసు పెట్టెలో పంపాల్సింది, ఒక కార్యకర్త జాగ్రత్త ఎక్కువై రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు. గడ్డకట్టి కరిగిన రక్తంలో ఎర్ర కణాలు పగిలిపోయాయి. ఈ వైరస్ ఆ కణాలనే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి గడ్డకట్టించకుండా చల్లగా మాత్రమే ఉంచాలట. మళ్లీ తీశాం. ఈసారి నీలినాలుకేనని తేలింది. చూడటానికి ఏ జబ్బూ లేని ఒక ఆవు రక్తంలో కూడా వైరస్ దొరికింది. ఆవుల్లాంటి పశువుల్లో ఇది పైకి కనిపించకుండా వారాల తరబడి ఉండిపోతుంది. అంతర్జాతీయ నిబంధనలు రక్తంలో వైరస్ ఉండే కాలాన్ని 60 రోజులుగా లెక్కగట్టడం ఇందుకే.

టీకా ఉందిగా అని చాలామంది అడిగారు. ఉంది, కానీ చిక్కుంది. నీలినాలుక వైరస్‌లో రెండు డజన్లకు పైగా రకాలున్నాయి. ఒకదానికి వేసిన టీకా ఇంకోదాన్ని అంతగా ఆపదు. దాని జన్యుపదార్థం పది ముక్కలుగా ఉంటుంది. రెండు రకాలు ఒకే పశువులో కలిస్తే ముక్కలు మార్చుకుని కొత్తది పుట్టొచ్చు. బతికున్న వైరస్‌తో చేసిన టీకాను చూడి గొర్రెలకు వేస్తే పిల్లలకు లోపాలు రావచ్చు. చంపిన వైరస్ టీకాతో ఆ భయం లేదు. ఏదైనా దోమల కాలానికి ముందే వేయాలి. మూతులు వాచాక వేసి ప్రయోజనం లేదు.

ముందే టీకా వేయడం ఎంత ముఖ్యమో యూరప్ చూసింది. 2006 ఆగస్టులో ఎనిమిదో రకం నెదర్లాండ్స్‌లో బయటపడింది. చలిదేశాల్లో ఈ రోగం రాదన్న నమ్మకం ఆ ఏడాదితో పోయింది. అక్కడి స్థానిక చిరుదోమలే దాన్ని మోశాయి, చలికాలం గడిచినా అది చావలేదు, 2008లో పెద్దఎత్తున టీకాలు వేశాకే అదుపులోకి వచ్చింది. 2023లో నెదర్లాండ్స్‌లోనే మూడో రకం వచ్చినప్పుడు దానికి తగిన టీకా చేతిలో లేదు. 2024లో గానీ రాలేదు. గుర్రాలున్న సభ్యులకు ఇంకోటి: 2020లో థాయిలాండ్‌లో హార్స్ సిక్‌నెస్‌తో 500కు పైగా గుర్రాలు చనిపోయాయి. అక్కడ గుర్రపుశాలల చుట్టూ సన్నకన్నాల వలలు కట్టారు.

మన దగ్గర జబ్బు చేసిన గొర్రెలకు నీడ, మెత్తటి మేత, నోటి పుండ్లు కడగడం, తర్వాత చేరే సూక్ష్మజీవులకు యాంటీబయాటిక్. ఇంతకు మించి వైద్యం లేదు. వైరస్‌ను చంపే మందంటూ అమ్మజూపేవాళ్లను నమ్మొద్దు.

ఒక సాయంత్రం చీకటిపడే వేళ టార్చి వేసి దొడ్డి చుట్టూ తిరిగాం. గొర్రెల పొట్టల కింద, ఉన్ని లేని చోట మిరియపు పొడి చల్లినట్టు చిరుదోమలు. ఎక్కడి నుంచి వస్తున్నాయా అని వెతికితే మన ఉమ్మడి నీటితొట్టి దగ్గర ఆగాం. అడుగున కారుతున్న నీరు పేడతో కలిసి ఏడాది పొడవునా బురదగానే ఉంది. అవి గుడ్లు పెట్టేది అలాంటి బురదలోనే. తొట్టి కట్టించింది సంఘమే.

ఆ పొట్టేలు రక్తం కూడా పరీక్షకు వెళ్లింది. వైరస్ లేదు, అంతకుముందు సోకిన ఆనవాలూ లేదు. ఆ సభ్యుడికి కార్యవర్గం తరఫున క్షమాపణ లేఖ ఇచ్చాం. లేఖ తీసుకుని ఆయన మాట్లాడలేదు. మర్నాడు పైపు, సిమెంటు తెచ్చి తొట్టి అడుగు పూడ్పించారు. ఆ డబ్బు ఈ ఏడాది పద్దులో లేదు, వచ్చే ఏడాది ఆయనకు చెల్లించాల్సిన బాకీగా రాసుకున్నాం.

కార్యదర్శి