మటన్ కొట్టులో ఉన్న తూకం స్టీక్ హోటల్లో ఎందుకు లేదు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా నాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. చాన్నాళ్లుగా ఆయన ఫోన్లో స్టీక్ వీడియోలు చూస్తున్నాడు. అంత మందం మాంసం ముక్కను పెనం మీద వేసి, వెన్న పోస్తూ కాలుస్తుంటే అట్లే చూస్తూ కూర్చుని, "మన కర్నూల్లో ఇది దొరుకుతుందామ్మా" అని రెండు మూడుసార్లు అడిగాడు. ఆయన నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడమే అరుదు. అందుకని హైవే వైపు కొత్తగా వచ్చిన ఒక స్టీక్‌హౌస్‌లో టేబుల్ బుక్ చేసి అమ్మను, నాయనను, తమ్ముణ్ణి తీసుకుపోయాను. హోటల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నా గొడవ ఆ ఒక్క హోటల్‌తో తీరేది కాదు.

మెనూలో "ప్రీమియం మటన్ స్టీక్ - 1,150" అని ఉంది. అంతే. ఎన్ని గ్రాములో లేదు, పొట్టేలుదా మేకదా లేదు, ఏ భాగమో లేదు. వెయిటర్‌ను అడిగితే "ఫుల్ పీస్ వస్తుంది మేడమ్" అన్నాడు. మీడియమా (సగం కాల్చిందా), వెల్‌డనా (పూర్తిగా కాల్చిందా) అని అడిగాడు. లోపల పచ్చిగా ఉంటుందేమోనని నేను వెల్‌డన్ అన్నాను. అంతసేపు కాలిస్తే గట్టిపడుతుందని ఆ పిల్లోడు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది, కానీ అతనికి ఎవరైనా నేర్పి ఉంటే కదా చెప్పేది.

40 నిమిషాలకు ప్లేట్లు వచ్చాయి. నాయన కత్తితో కోస్తుంటే ముక్క తెగడం లేదు, ప్లేటే టేబుల్ మీద జరిగిపోతోంది. తమ్ముడు ప్లేటు పట్టుకున్నాడు, నాయన గట్టిగా అదిమి కోశాడు. జీవితమంతా బస్సుల కింద పడుకుని బోల్టులు విప్పిన చేతులవి. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, మేం చూడటం లేదనుకుని టిష్యూలో ఉమ్మి, దాన్ని చిన్నగా మడిచి ప్లేటు పక్కన దాచాడు. ఎట్లుంది నాయనా అంటే "బాగుందిలేమ్మా, రోంత గట్టిగుంది" అన్నాడు. మేం లేచేసరికి అలాంటి మడతలు ఐదున్నాయి.

అమ్మ చేప తీసుకుంది కాబట్టి బతికిపోయింది. నాయన ప్లేట్లోంచి ఒక ముక్క తీసుకుని వేళ్లతో చీల్చి చూసి, "ఇది తొడ మాంసం, ముదురుది, పైగా పీచు పొడుగునా కోశారు" అంది. అమ్మ చెప్పింది సరైన మాట. నడిచే జంతువు కాళ్లకు పని ఎక్కువ, అక్కడి కండలో గట్టి పీచు ఎక్కువ, అది మెత్తబడాలంటే నీళ్లలో, మసాలాలో నిదానంగా ఉడకాలి. మన ఇళ్లలో అందుకే పులుసు పెడతాం, ముదురు మాంసమైతే పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం. స్టీక్ అంటే కొన్ని నిమిషాలు సెగ మీద కాల్చడం, దానికి వెన్నెముక పక్కన ఉండే, పెద్దగా పని చేయని లేత కండ కావాలి, తినేటప్పుడు పీచుకు అడ్డంగా కోయాలి. చవక భాగం తెచ్చి ఖరీదైన పేరు పెడితే అది ఎంతసేపు కాల్చినా స్టీక్ కాదు, తోలు అవుతుంది.

తర్వాత బిల్లు. స్టీక్‌లు మూడు, చేప 980, సూప్‌లు, లెమన్ సోడాలు కలిపి 5,550 రూపాయలు. దానిమీద 10 శాతం సర్వీస్ ఛార్జీ 555. ఆ రెండూ కలిపిన మొత్తం మీద మళ్లీ 5 శాతం జీఎస్టీ. మొత్తం 6,410. సర్వీస్ ఛార్జీ తీసేయమని అడిగితే మేనేజర్ "అది మా పాలసీ మేడమ్" అన్నాడు. నేను వాదించేలోపే నాయన కుర్చీలోంచి లేచాడు, "పోనీలేమ్మా, పోదాం పా" అని. రిటైరైన మనిషి ముందు ఇంకా గొడవ పెట్టుకోలేక కట్టేసి వచ్చాను. దారిలో ఎంతయిందని అడిగితే రెండు వేలని చెప్పాను. ఇంటికొచ్చాక ఆయన మజ్జిగన్నంలోకి ఊరిమిరపకాయ నంజుకుని తిన్నాడు.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది. బిల్లులో సర్వీస్ ఛార్జీ దానంతట అది కలపకూడదని, వేరే పేరుతో కూడా వసూలు చేయకూడదని, దాన్ని కలిపిన మొత్తం మీద జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4నే మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. టిప్పు ఇవ్వడం మన ఇష్టం, ఆ వెయిటర్ పిల్లోడికి నేను సంతోషంగా ఇచ్చేదాన్ని. హోటల్ మన ఇష్టం లేకుండా తీసుకోవడం వేరు. తీసేయమంటే తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, కలెక్టర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఈ విషయం ఆ రాత్రే నాకు తెలిసుంటే బాగుండేది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధిస్తున్నది తూకం సంగతి. మేం ఆదివారం వెళ్లే పాతబస్తీ మటన్ కొట్టులో పొట్టేలు కళ్ల ముందే వేలాడుతుంటుంది. తొడ కావాలా, చాప్స్ కావాలా అని అడుగుతాడు, కొవ్వు తీసేయమంటే తీస్తాడు, కాటా మన వైపు తిప్పి చూపిస్తాడు. ఏసీ లేదు, టేబుల్ లేదు, కానీ నేనేం కొంటున్నానో నాకు తెలుసు. ఆ కొట్టతనికి ఇచ్చేదానికి ఎన్నో రెట్లు కట్టిన చోట మాత్రం ఏ మాంసమో, ఎంతో చెప్పే మనిషే లేడు. 10, అంతకన్నా ఎక్కువ చోట్ల బ్రాంచీలున్న హోటళ్లు మెనూలో కేలరీలతో పాటు ఎంత వడ్డిస్తారో కూడా రాయాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం ఉంది. ఒక్క ఊళ్లో ఒక్క హోటల్ నడిపేవాళ్లకు అది వర్తించదు. మన ఊళ్లో ఇలాంటి ఖరీదైన హోటళ్లలో చాలావరకు ఇలా ఒక్క చోటే నడిచేవి. బిల్లు మీద ఆహార లైసెన్సు నంబరు 14 అంకెలూ అచ్చు వేయాలని 2022 జనవరి నుంచి నియమం పెడితే వేస్తున్నారు కదా, మా బిల్లు మీదా ఉంది. మెనూలో "పొట్టేలు, ఫలానా భాగం, ఇన్ని గ్రాములు" అని ఇంకో అర వరుస రాయడానికి అడ్డేముంది? ఎంత వడ్డిస్తారో మెనూలో రాయాలనే నియమాన్ని చిన్న పెద్ద తేడా లేకుండా అన్ని మాంసం హోటళ్లకూ వర్తింపజేయాలని కోరుతున్నాను.

ఈ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీతో పాటు బిల్లు జిరాక్స్ ఇస్తున్నాను. కర్నూల్లో ఇంకెవరి దగ్గరైనా సర్వీస్ ఛార్జీ వేసిన బిల్లు ఉంటే పారేయకుండా తీసుకుని రండి, పదిమంది బిల్లులు ఒకేసారి టేబుల్ మీద పెడితే అధికారులు చూడక తప్పదు.

- ఒక టీచరు, సి. క్యాంపు, కర్నూలు