డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్‌కి కృతజ్ఞతలు

నాన్నకు గజ్జల్లో హెర్నియా. చిన్న ఆపరేషనే అన్నారు. కానీ హెర్నియా సంచి గోడ మీద గట్టి గడ్డలు కనిపించడంతో సర్జన్ ముక్క తీసి బయాప్సీకి పంపారు. కట్టు మార్పించడానికి వెళ్లిన రోజే రిపోర్టు వచ్చింది: క్యాన్సర్. పొట్టలో ఎక్కడో మొదలై అక్కడిదాకా పాకిందట. ఇలా బయటపడటం చాలా అరుదన్నారు డాక్టర్. అరుదైతే మాకేం ఒరిగింది!

డాక్టర్ వెళ్లాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు మీరొచ్చారు సిస్టర్. అంతా బాగైపోతుందని అనలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, రిపోర్టులో ఒక్కో ముక్కా మామూలు మాటల్లో విడమరిచారు. క్యాన్సర్ డాక్టర్‌ను ఏమేం అడగాలో కాగితం మీద రాసిచ్చారు: ఎక్కడ మొదలైంది, ఎంతవరకు పాకింది, కోత మానేదాకా కీమో ఆపాలా. తర్వాత, "నాన్నగారికి మీరే చెప్తారా, నన్ను పక్కన ఉండమంటారా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

నేను చెప్తున్నంతసేపూ, డ్యూటీ అయిపోయినా, ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నారు. అంతా విని నాన్న మీతో అన్న మాట ఒక్కటే: "కుట్లు ఎప్పుడు విప్పుతారమ్మా?" మీరు నవ్వారు, ఆయనా నవ్వారు.

ఇప్పుడు కీమో నడుస్తోంది. మా ఇంటిల్లిపాది తరఫున మీకు కృతజ్ఞతలు సిస్టర్.